మూడుసార్లూ మొత్తం ఏడే

మీ పిల్లల ప్రోగ్రెస్ కార్డు చేతికి రాగానే మీ చూపు ముందు ఎక్కడ పడుతుంది? కింద ఉన్న మొత్తం మీద. ఆ తర్వాత పక్కనున్న ర్యాంకు మీద. మా ఇంట్లోనూ అంతే, దాచడమెందుకు. ఈ నెల మాత్రం ఆ మొత్తానికి పైన, చిన్న చిన్న గళ్ళలో ఉండే అంకెల గురించి రాయాలనుకున్నాను. అందుకోసం మిమ్మల్ని కాస్త దూరం, చైనాలోని షాంఘై వరకు తీసుకెళ్తాను.

2017 నుంచి రెండేళ్ళు ఉద్యోగం మీద ఆ ఊళ్ళో ఉన్నాను. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయిది అన్‌హుయ్ ప్రావిన్సులో ఒక చిన్న పట్టణం. నన్ను 'జ్యే' అని పిలిచేది. అక్క అని అర్థం. బ్రిటన్‌లో ఫైనాన్స్ ఎంఎస్సీ చేయాలని ఆమె కోరిక. అక్కడి యూనివర్సిటీ ఒకటి షరతు మీద సీటు ఇచ్చింది. ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం మీద 7 రావాలి, ఏ విభాగంలోనూ 6.5కి తగ్గకూడదు. బీటెక్ అయ్యాక మన పిల్లలు కూడా రాసే పరీక్షే ఇది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు విభాగాలు. ఒక్కోదానికి తొమ్మిది వరకు స్కోరు. నాలుగింటి సగటును దగ్గరలో ఉన్న అరకు సవరించి మొత్తం స్కోరు ఇస్తారు.

మొదటిసారి ఆమెకు వచ్చినవి ఇవి: వినడం 7.5, చదవడం 8.5, రాయడం 6, మాట్లాడటం 5.5. సగటు 6.875, సవరిస్తే 7. మొత్తం చూస్తే అడిగినంతా వచ్చింది. సీటు మాత్రం ఖాయం కాలేదు. ఫలితం వచ్చిన రోజు వాళ్ళమ్మ ఫోన్ చేసి "ఏడు వచ్చిందిగా, ఇంకేం?" అని అడిగిందట. ఆ నాలుగు గళ్ళ సంగతి ఆవిడకు ఎలా చెప్పాలో తెలియలేదని నాతో అంది. పరీక్ష ఫీజు రెండు వేల యువాన్ల దాకా ఉండేది, అప్పటి లెక్కన మన డబ్బుల్లో ఇరవై వేలు. మళ్ళీ అంతా కట్టాలి, మళ్ళీ నాలుగూ రాయాలి. (ఇప్పుడు కొన్ని దేశాల్లో, మన దగ్గర కూడా, తగ్గిన ఒక్క విభాగాన్నే మళ్ళీ రాసే వీలు వచ్చింది. అప్పుడు లేదు.)

చదవడంలో 8.5 అంటే మాటలు కాదు. నలభై ప్రశ్నల్లో రెండో మూడో తప్పులకు మించకూడదు. అంత చదవగలిగిన మనిషి ఎదురుగా కూర్చున్న ఇంకో మనిషితో పావుగంట కూడా మాట్లాడలేకపోవడం ఏమిటని మీకు అనిపించవచ్చు. చైనాలో ఎవరికీ అలా అనిపించదు. దానికి వాళ్ళ భాషలో పేరే ఉంది: 'యాబా యింగ్‌యు'. మూగ ఇంగ్లిష్ అని. దేశాలవారీగా ప్రచురించే ఐఈఎల్‌టీఎస్ సగటుల్లో కూడా అక్కడి విద్యార్థులకు చదవడంలో వచ్చే స్కోరు కన్నా రాయడం, మాట్లాడటంలో వచ్చేవి తక్కువగా ఉంటాయి.

కష్టపడక వచ్చిన మూగతనం కాదది. 2001 నుంచి అక్కడ మూడో తరగతి మొదలు ఇంగ్లిష్ పాఠం ఉంది. ఇంటర్ చివర రాసే గావ్‌కావ్ పరీక్షలో చాలా ప్రావిన్సుల్లో 750 మార్కులకు 150 ఇంగ్లిష్‌వే. వాళ్ళ సొంత భాషకు ఎన్నో, లెక్కలకు ఎన్నో, దీనికీ అన్నే. మన ఎంసెట్‌లో ఇంగ్లిష్ ప్రశ్నే ఉండదని చెబితే ఆమె నమ్మలేదు. అయితే ఆ 150లో ఎక్కువ చోట్ల నోరు తెరిచి మాట్లాడే పరీక్ష మార్కులు కలవవు. కాలేజీలోకి వచ్చాక సీఈటీ-4, సీఈటీ-6 అని రెండు పరీక్షలు, ఏటా జూన్‌లో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి. (ఈ సెట్టుకూ మన సెట్టుకూ సంబంధం లేదు. అది కాలేజీ ఇంగ్లిష్ టెస్టు.) 710 మార్కులకు. అందులోనూ మాట్లాడే పరీక్ష విడిగా, ఇష్టమున్నవాళ్ళు రాసుకునేది. మార్కు లేనిచోట టైము ఎవరు పెడతారు చెప్పండి. మనం పెడతామా?

అలాగని వాళ్ళు నోరు మూసుకుని చదువుతారనుకోకండి. పొద్దున్నే ఏ యూనివర్సిటీకి వెళ్ళినా చెట్ల కింద, చెరువు గట్ల మీద నిలబడి ఇంగ్లిష్ పాఠాలు పైకి చదువుతూ కనబడతారు. కంఠతా పట్టడానికి చైనీస్‌లో మాట 'బేయ్'. అదే అక్షరానికి వీపు అనే అర్థం కూడా ఉంది. పాతకాలపు బడిలో పిల్లవాడు పంతులుగారికి వీపు తిప్పి నిలబడి పాఠం అప్పజెప్పేవాడు, పుస్తకం కనబడకుండా. మన వీధిబడుల్లో ఎక్కాలు అప్పజెప్పినట్టే. నాకు ఈ మాట చాలా నచ్చింది. అప్పజెప్పేవాడికి ఎదుటి మనిషి ముఖం కనబడనక్కర్లేదు.

పదాల పుస్తకాల మీద అక్కడ ఒక జోకు ఉంది. అక్షరక్రమంలో ఉన్న ఏ పుస్తకం తెరిచినా మొదట్లోనే 'అబాండన్' అనే మాట. వదిలెయ్యడం అని అర్థం. చాలామంది మొదటి రోజు ఆ ఒక్క మాట నేర్చుకుని, అది చెప్పినట్టే పుస్తకం వదిలేస్తారట. మా అమ్మాయి వదలలేదు. మెట్రోలో వచ్చేటప్పుడు, పోయేటప్పుడు ఫోన్ యాప్‌లో పదాలు తిరగేస్తూనే ఉండేది. ఆమె చదవడంలో 8.5 అక్కడి నుంచే వచ్చింది. బట్టీని వెక్కిరించే వ్యాసాలు మీరు చాలా చదివి ఉంటారు. నేను ఆ పని చేయను. ఆరేడు వేల మాటలు తలలో ఉండటం ఆస్తి. ఆ ఆస్తి లాకర్లో ఉండిపోవడమే ఆమె ఇబ్బంది.

మాట్లాడే పరీక్షకూ ఆమె బట్టీతోనే వెళ్ళింది. అది మూడు భాగాలు, మొత్తం పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాలు. రెండో భాగంలో ఒక కార్డు ఇస్తారు. 'మీకు నచ్చిన ఒక చోటు గురించి చెప్పండి' లాంటిది. ఒక నిమిషం ఆలోచించుకోవాలి, రెండు నిమిషాల వరకు మాట్లాడాలి. ఈ కార్డుల ప్రశ్నలు జనవరి, మే, సెప్టెంబర్‌లలో మారుతుంటాయి. రాసి వచ్చినవాళ్ళు గుర్తున్న ప్రశ్నలు చెబుతారు, కోచింగ్ సెంటర్లు వాటిని పోగుచేసి జవాబులతో సహా ఇస్తాయి. మన బిట్ బ్యాంకులు చూసినవాళ్ళకు కొత్తేమీ కాదు. ఆమె దగ్గర నలభైకి పైగా కార్డులకు జవాబులు సిద్ధంగా ఉండేవి. పరీక్షలో వచ్చిన కార్డు కూడా అందులోదే. గడగడా చెప్పేసింది. మూడో భాగంలో ఆ కార్డు చుట్టూనే ఎగ్జామినర్ అభిప్రాయాలు అడుగుతారు. "ఊళ్ళల్లో పాత ఇళ్ళు కాపాడాలా, కూల్చి కొత్తవి కట్టాలా? ఎందుకు?" అని అడిగారట. "ఐ థింక్..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. పైగా అప్పజెప్పిన జవాబును ఎగ్జామినర్లు పసిగడతారు. గొంతు మారిపోతుంది కదా.

ఆదివారాలు నాతో మాట్లాడమని ఆమే అడిగింది. ఇండియా వాళ్ళకు ఇంగ్లిష్ బాగా వచ్చనే నమ్మకం అక్కడ గట్టిగా ఉంది. కలిసి కూర్చున్నాక తెలిసింది, మేమిద్దరం అనుకున్నంత దూరం వాళ్ళం కాదు. చైనీస్‌లో 'ఎ', 'ఎన్', 'ద' లాంటివి లేవు, మన తెలుగులోనూ లేవు. మాటలో 'తా' అంటే అతనూ, ఆమే కూడా. రాతలోనే తేడా. అందుకని వాళ్ళమ్మ గురించి చెబుతూ ఆమె మాటిమాటికీ 'హీ' అనేది. వాళ్ళ పదాలు అచ్చుతోనో, ముక్కుతో పలికే 'న్', 'ఙ్'లతోనో ముగుస్తాయి. అందుకని ఇంగ్లిష్ మాటల చివరి హల్లు మింగేయడమో, దానికో అచ్చు తగిలించడమో చేస్తారు. బస్సు, రోడ్డు, బ్యాంకు అనే మనం నవ్వడానికి లేదు. మనం 'నెమ్మది నెమ్మదిగా' అన్నట్టే వాళ్ళు 'మన్‌మన్' అంటారు. ఇద్దరి ఇంగ్లిష్‌లోనూ 'స్లోలీ స్లోలీ' వస్తుంది.

వినే పరీక్షలో ఆమెకు అంకెల దగ్గర తడబాటు ఉండేది. చైనీస్‌లో పదివేలకు 'వాన్' అని ఒక మాట, లెక్కంతా దాని మీదే నడుస్తుంది. మిలియన్ అంటే నూరు వాన్‌లు. మనకు పది లక్షలు. రికార్డింగ్‌లో 'వన్ పాయింట్ త్రీ మిలియన్' అనగానే ఆమె తలలో 130 వాన్‌లు, నా తలలో 13 లక్షలు. ఇద్దరం మార్చుకునేలోగా తర్వాతి ప్రశ్న వెళ్ళిపోయేది. టీ తాగుతూ ఒకరికొకరం అంకెలు చెప్పుకునేవాళ్ళం. మీ ఇంట్లో తొమ్మిదో పదో తరగతి పిల్లలుంటే ఈ ఆట ఆడి చూడండి, పేపర్లో వచ్చిన జనాభా లెక్కలో, బడ్జెట్ అంకెలో తీసుకుని.

కొన్ని ఆదివారాలు పీపుల్స్ పార్కుకు వెళ్ళేవాళ్ళం. అక్కడ 'ఇంగ్లిష్ కార్నర్' అని ఒక చోటుంది. ఎవరైనా రావచ్చు, ఎవరితోనైనా ఇంగ్లిష్‌లో మాట్లాడవచ్చు, పైసా ఖర్చు లేదు. రిటైరైన మేస్టార్లు, కాలేజీ పిల్లలు, ఉద్యోగస్తులు గుంపులు గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటారు. అదే పార్కులో ఇంకో పక్క తల్లిదండ్రులు గొడుగులు తెరిచి పెట్టుకుని కూర్చుంటారు. గొడుగుల మీద వాళ్ళ అబ్బాయిదో అమ్మాయిదో వయసు, ఎత్తు, చదువు, జీతం రాసిన కాగితాలు. పెళ్ళి సంబంధాల సంత అది. "మా అమ్మ ఇక్కడికి రాకముందే నేను దేశం దాటాలి" అని నవ్వేది.

పార్కు వల్ల భయం కొంత పోయింది. కానీ అసలు చిక్కు అక్కడ లేదని ఒక ఆదివారం తెలిసింది. పాత ఇళ్ళ ప్రశ్నే మళ్ళీ అడిగాను. ఆగిపోయింది. సరే, చైనీస్‌లో చెప్పు, నాకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు అన్నాను. చైనీస్‌లో కూడా ఆగిపోయింది. కాసేపటికి ఆమే అంది: "జ్యే, నన్ను ఇంతవరకు ఎవరూ ఇలాంటిది అడగలేదు. సరైన జవాబు ఏదని అడిగారు. నాకేమనిపిస్తుందని అడగలేదు."

ఇరవై ఆరేళ్ళ మనిషి. బడిలో ఫస్టు, కాలేజీలో ఫస్టు.

అక్కడి నుంచి పద్ధతి మార్చింది. వారానికి ఐదు ప్రశ్నలు. ముందు రూమ్మేటుతో చైనీస్‌లో వాదించాలి. ఒక కారణం, తను కళ్ళతో చూసిన ఒక ఉదాహరణ, ఎదుటివాళ్ళు కాదంటే ఏమంటావు. ఆ తర్వాతే నా దగ్గర ఇంగ్లిష్‌లో. షాంఘైలో షికూమెన్ అని రాతి గుమ్మాల పాత సందుల ఇళ్ళు ఉంటాయి. కొన్నింటిని బాగుచేసి శిన్‌త్యన్‌తీ అనే చోట కాఫీ షాపులు, ఖరీదైన దుకాణాలు పెట్టారు. గుమ్మాలు మిగిలాయి, అందులో ఉండేవాళ్ళు మిగల్లేదు, మరి కాపాడినట్టా కాదా అని ఒకరోజు నన్నే నిలదీసింది. ఆ రోజు 'హీ'లు, 'షీ'లు కలిసిపోయాయి, రెండు చోట్ల క్రియ తప్పింది. నేను ఆపలేదు. అలా మాట్లాడుతున్న మనిషిని వ్యాకరణం కోసం ఆపకూడదు.

రెండోసారి రాసింది. వినడం 7.5, చదవడం 8.5, మాట్లాడటం 6.5. రాయడం 6 దగ్గరే ఉండిపోయింది. మొత్తం మళ్ళీ 7. మళ్ళీ సీటు లేదు.

రాతలో తేడా ఎక్కడుందో చూద్దామని తన పాత వ్యాసాలు తెచ్చింది. పరీక్షలో రెండో వ్యాసం కనీసం 250 మాటలు రాయాలి. ప్రతిదీ 'విత్ ద డెవలప్‌మెంట్ ఆఫ్ సొసైటీ' అని మొదలవుతుంది. సమాజం అభివృద్ధి చెందడంతో, అని. మధ్యలో 'ఎవ్రీ కాయిన్ హాజ్ టూ సైడ్స్'. అవి అక్కడి కోచింగ్ అచ్చులు. మన పిల్లల వ్యాసాల్లో 'నౌ ఎ డేస్' ఉంటుంది చూడండి, అలా. పెన్సిల్ తీసుకుని, ఏ విషయం మీద రాసినా సరిపోయే వాక్యం ప్రతిదీ కొట్టేయమన్నాను. ఒక వ్యాసంలో 260 మాటలకు 140 మిగిలాయి. మిగిలినవి బాగున్నాయి, అదే విచిత్రం. కొట్టేసిన చోట్లలో తన కారణాలు, తను చూసినవి పెట్టడం మొదలుపెట్టింది. 'ఆల్‌దో' అని మొదలుపెట్టి మధ్యలో 'బట్' అనడం చైనీస్ అలవాటు, వాళ్ళ భాషలో రెండూ ఉండాలి. దాన్ని పట్టుకోవడానికి ఒక నెల పట్టింది.

మూడోసారి: వినడం 7.5, చదవడం 8, రాయడం 6.5, మాట్లాడటం 6.5. చదవడంలో అర తగ్గింది. నాలుగూ కూడితే రెండోసారి వచ్చినంతే, 28.5. మొత్తం స్కోరు మళ్ళీ 7. ఆఫర్ గడువు ఇంకా పది రోజులుందనగా సీటు ఖాయమైంది. వాళ్ళమ్మ ఫోన్‌లో "మూడుసార్లూ ఏడేగా, ఇప్పుడెలా ఇచ్చారు?" అని అడిగిందట.

ఈ కథ ఇప్పుడెందుకంటే, మొన్న పేరెంట్స్ మీటింగులో నా ముందు నిలబడ్డ నలుగురిలో ముగ్గురు క్లాస్ టీచర్ని ఒకే మాట అడిగారు: "మేడమ్, ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడించాలా?" టీచర్ ఏం చెప్పారో వాళ్ళకే తెలియాలి. నన్నడిగితే, అక్కర్లేదంటాను. మీకు అలవాటు లేని భాషలో మీరు పిల్లలతో ఎంతసేపు మాట్లాడతారు? "ఈట్ ఫాస్ట్, బస్ కమింగ్" దగ్గర ఆగిపోతుంది. ఇంగ్లిష్ వినిపించడానికి, సరిదిద్దడానికి స్కూలు ఉంది, టీచర్లున్నారు. ఇంటి దగ్గర మనం రోజూ అడిగేవి ఒకసారి గుర్తు చేసుకోండి. తిన్నావా? హోమ్‌వర్క్ అయిందా? స్లిప్ టెస్టులో ఎన్ని? అన్నిటికీ ఒక్క మాటలో జవాబు వస్తుంది. "నీకేమనిపిస్తోంది? ఎందుకు?" అని అడిగితే ఒక్క మాటలో రాదు. దాన్ని తెలుగులోనే అడగండి. కారణం చెప్పడం, ఎదుటివాళ్ళు కాదంటే తట్టుకోవడం తెలుగులో వచ్చిన పిల్లకు ఇంగ్లిష్‌లో మాటలు వెతుక్కోవడమే మిగులుతుంది. ఉర్దూ మాట్లాడే ఇల్లయితే ఉర్దూలో, హిందీ అయితే హిందీలో.

ఇంకొకటి. ఇంగ్లిష్ మార్కు చూసినప్పుడు అది ఏ గడి నుంచి వచ్చిందో అడగండి. చదివి జవాబు రాసే ప్రశ్నల్లోనా, సొంతంగా రాసే పేరాలోనా, నోటితో చెప్పేదాంట్లోనా? 80 వచ్చిన ఇద్దరు పిల్లలకు కావలసిన సాయం ఒకటే అయి ఉండకపోవచ్చు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర రోజుకో ప్రశ్న నడుస్తోంది, నాలుగైదు నెలలుగా. కొన్ని రోజులు "ఏమో" తప్ప ఇంకేమీ రాదు. పోయిన వారం మా అపార్ట్‌మెంట్ ముందున్న వేపచెట్టు సంగతి. దాన్ని కొట్టేసి నాలుగు కార్లు పెట్టుకునే చోటు చేద్దామని కొందరంటున్నారు. మా అమ్మాయి కొట్టేద్దామంది, ఆకులు రాలి సైకిల్ జారుతోందట. వాళ్ళ నానమ్మకు కోపమొచ్చి అన్నం మధ్యలో లేచింది. మర్నాడు మా అమ్మాయి కిందికి వెళ్ళి, చెట్టు నీడలో ఎన్ని బండ్లు నిలుస్తున్నాయో లెక్కపెట్టి వచ్చింది. పదకొండు. ఇప్పుడు కొట్టొద్దంటోంది, కానీ నానమ్మ చెప్పిన కారణానికి కాదట, తన కారణం వేరట. ఆదివారం అపార్ట్‌మెంట్ మీటింగ్ ఉంది. తనూ వస్తానంటోంది.